చెరిపించిన పేజీ

ఆగస్టు 3, శనివారం

శరణ్య అనే అమ్మాయి నన్ను కూడా రాయమంది. ఆమెకు నా కూతురంత వయసు కూడా ఉండదు. గుర్‌గావ్‌లో కంప్యూటరు ఉద్యోగం. శనివారాలు ఇక్కడ జనక్‌పురి కమ్యూనిటీ హాల్లో తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టి రాయడం నేర్పిస్తుంది. ఊరికే చెప్పే చదువు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా తప్పలేదు.

మా మనవరాలు అనుగ్రహకి, అన్ను అంటాం, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడం తప్ప సొంతంగా రెండు ముక్కలు రాయడం రాదని బళ్ళో మేడం చెప్పిందట. మూడో తరగతి. హిందీలో రాయదు, ఇంగ్లీషులో రాయదు. ఖాళీ కాగితం ముందు పెడితే ఏడుపు. ముందు ఇంటి భాషలో రాయిస్తే చెయ్యి అదే తిరుగుతుందని ఎవరో చెప్పారని మా అమ్మాయి సరళ ఇక్కడ చేర్చింది. సరళకి ఆస్పత్రిలో నర్సు డ్యూటీలు. అల్లుడు ఆస్టిన్ మందుల కంపెనీ పని మీద ఊళ్ళు పట్టి తిరుగుతాడు. ఇంక మిగిలింది నేను.

పెద్దవాళ్ళందర్నీ వెనక వరసలో కూర్చోబెట్టి శరణ్య చెప్పింది. "రోజూ ఇంట్లో కాసేపు రాయనివ్వండి. వాళ్ళు ఏం చూశారో అదే. తప్పులు దిద్దకండి. మధ్యలో హిందీ వస్తే రానివ్వండి. మీరు కూడా పక్కన కూర్చుని మీది మీరు రాసుకోండి. వాళ్ళంతట వాళ్ళు చూపిస్తే తప్ప వాళ్ళ పేజీ చూడొద్దు."

"నాకెందుకమ్మా ఈ వయసులో రాత? ఎవడు చదవాలి?" అన్నాను.

"ఎవరూ చదవరు అంకుల్. అందుకే రాయండి."

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. నాకు రాత రాదని కాదు. మిషను బళ్ళో మూడో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని బైబిలు చదువుతాను. కాకినాడ హార్బరులో బస్తాల మేస్త్రిగా ఉన్నప్పుడు నా మాటకి ఎదురు చెప్పిన కూలీ లేడు.

చెయ్యి నొప్పి పుట్టింది. చాలు.

ఆగస్టు 5, సోమవారం

వాన. రాయడానికి ఏమీ లేదు. పక్కన అన్ను కూడా ఏమీ రాయలేదు. ఇద్దరం కాగితాలు చూస్తూ కూర్చున్నాం.

ఆగస్టు 8, గురువారం

అన్ను రాసింది. రాసిన వెంటనే నా వైపు తోసి, "దేఖో తాతయ్యా, చదువు" అంది.

"కబూతర్ ఏసీ వెనక గుడ్డు పెట్టింది. మమ్మీ ఛీ అంది. తాతయ్య పుల్ల తెచ్చాడు. నేను ఏడిస్తే పుల్ల పడేశాడు."

ఇదీ ఒక రాతేనా? మా బళ్ళో రాత అంటే చూచిరాత. పైన పంతులు రాసింది కింద అచ్చంగా దిగాలి. గుడ్డూ పుల్లా అని రాస్తే వేళ్ళ మీద పడేది. కానీ పిల్ల మొహం వెలిగిపోతోంది. బాగుందన్నాను.

పుల్ల సంగతి రాయకుండా ఉండాల్సింది. నేను పావురాన్ని కొట్టడానికి తేలేదు, తోలడానికి తెచ్చాను.

ఆగస్టు 13, మంగళవారం

ఇప్పుడు ఆపమన్నా ఆపదు. లిఫ్టులో ఇరుక్కున్న ఆంటీ గురించి రాసింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర గొడవ గురించి ఒక పేజీ. బళ్ళో కూడా తన టిఫిను డబ్బా గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిందట, మేడం స్టారు పెట్టింది. సరళ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అదంతా చదివింది. చదువుతూ నవ్వింది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఇదంతా నీ చలవే నాన్నా."

కాదని నేనేమీ అనలేదు.

ఆగస్టు 19, సోమవారం

రాఖీ సెలవు. ఇంటి తాళం ఇవ్వడానికి అన్నుని తీసుకుని మెట్రోలో సరళ ఆస్పత్రికి వెళ్ళాను. కాస్త ఆలస్యమైంది. గుంపు.

ఆగస్టు 24, శనివారం

వచ్చే శనివారం తెలుగు భాషా దినం పేరు మీద చిన్న సభ. పిల్లలు ఒక్కొక్కరూ ఇంట్లో ఒక మనిషి గురించి తాము రాసింది చదవాలి. "పెద్దది అక్కర్లేదు. గొప్పగా అక్కర్లేదు. మీరు కళ్ళతో చూసింది రాయండి" అని శరణ్య మళ్ళీ అదే పాట.

నా పక్కన కూర్చునే సదాశివరావుగారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షను ఆఫీసరుగా రిటైరయ్యారు. ఈ ఎండలో కూడా కోటు. "మా ఇషిత నా మీదే రాస్తోందండీ అంద్రెయగారూ. ఫైళ్ళ గురించి, నేను అందుకున్న మెడల్ గురించి. మరి మీ పాప?"

"నా మీదే" అన్నాను. అన్నుని అడగకుండానే అన్నాను. తర్వాత అడిగితే అవునంది. చూశారా, పిల్లలకి తెలుస్తుంది ఇంట్లో ఎవరు ఎంతో.

ఆగస్టు 27, మంగళవారం

అన్ను స్నానానికి వెళ్ళింది. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. తెరిచి ఉన్నది చూడటం తప్పేం కాదు.

"మా తాతయ్య పేరు అంద్రెయ. తాతయ్యకి స్టేషన్ బోర్డు చదవడం రాదు. ఎవరైనా అడిగితే కళ్ళజోడు మర్చిపోయాను అంటాడు. కళ్ళజోడు జేబులోనే ఉంటుంది. మమ్మీ ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మేము ఉల్టా ట్రైను ఎక్కాము. నేను ఉల్టా అని చెప్పాను. నోర్ముయ్ అన్నాడు. ద్వారకా స్టేషన్ వచ్చింది. తాతయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తాతయ్య చెయ్యి తడిగా ఉంది. తాతయ్యకి డర్ వేసింది. నాకు వెయ్యలేదు. నాకు చదవడం వచ్చు."

నేను మెల్లగా చదువుతాను. ప్రతి అక్షరం మీదా ఆగి ఆగి చదువుతాను. డర్ అంటే భయమని నాకు తెలుసు. కాబట్టి తొందరగా అయిపోలేదు.

తల తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరు రాయమన్నారు నిన్ను ఇది?"

"ఎవరూ కాదు. నేనే చూశాను కదా."

"రబ్బరు తే."

"క్యోం?"

"తే అన్నానా!"

తెచ్చింది. చెరిపింది. కళ్ళజోడు దగ్గర చెరుపుతూ ఆగి నా జేబు వైపు చూసింది. అదీ చెరుపు అన్నాను. కాగితం నలిగింది కానీ చిరగలేదు. అప్పుడు నేను చెప్పాను, తను రాసింది. మా తాతయ్య కాకినాడ హార్బరులో పెద్ద ఆఫీసరు. ఆయనకు ఎన్నో భాషలు వచ్చు. ఆయన మాకు మంచి బుద్ధులు చెప్తారు. తాతయ్యే నాకు ఆదర్శం.

"ఆఫీసరా? మూటలు అని మమ్మీ చెప్పింది కదా?"

"మూటలు మోయించేవాడు ఆఫీసరు కాక మరేంటి?"

"ఆదర్శం అంటే?"

"ముందు రాయి."

రాసింది. ఒక్క హిందీ ముక్క లేకుండా చక్కగా ఉంది.

పదిమంది ముందు చదివేది పద్ధతిగా ఉండాలి. నేను అబద్ధం ఆడించలేదు. మెరుగు పెట్టాను. ఇస్త్రీ చెయ్యకుండా చొక్కా వేసుకుని సభకి ఎవడు వెళ్తాడు?

ఆగస్టు 31, శనివారం

తడబడకుండా చదివింది. గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇషిత చదివినప్పటికంటే గట్టిగానే.

శరణ్య మాత్రం అన్ను దగ్గర వంగి అడిగింది. "ఇది నువ్వు చూసిందేనా అన్నూ?"

అన్ను నా వైపు చూసింది. నేను తల ఊపాను. తనూ ఊపింది.

సదాశివరావుగారు సమోసా ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "ఆఫీసరని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ! ఏ గ్రేడు? పెన్షను బాగానే వస్తూ ఉండాలే?"

"ఆ లెక్కలన్నీ మా అమ్మాయి చూసుకుంటుందండి."

"అదృష్టవంతులండీ మీరు."

అన్ను నా పక్కనే ఉంది. సమోసా తినలేదు. ఆకలి లేదంది. దానికి సమోసా అంటే ప్రాణం.

సెప్టెంబరు 2, సోమవారం

"ఏం రాయాలి తాతయ్యా? నువ్వు చెప్పు."

నీ ఇష్టం అన్నాను. పెన్సిలు చెక్కుతూ కూర్చుంది.

సెప్టెంబరు 3, మంగళవారం

"నువ్వు చెప్పు."

సెప్టెంబరు 5, గురువారం

"నువ్వు చెప్పు." బళ్ళో అలిసిపోయి వస్తోంది. అంతే.

సెప్టెంబరు 9, సోమవారం

పావురం పిల్లలకి ఈకలు మొలుస్తున్నాయి. చూపించి రాయమన్నాను. చాలాసేపు చూసింది. తర్వాత కూర్చుని నన్ను అడిగింది. "ఇవి మంచి పిల్లలా, గందీ పిల్లలా? ఏమని రాస్తే బాగుంటుంది?"

పోయిన నెల ఇదే పావురం గురించి నన్ను అడగలేదు. నా పుల్ల గురించి కూడా అడగలేదు.

సెప్టెంబరు 13, శుక్రవారం

సరళ బడికి వెళ్ళి వచ్చింది. మళ్ళీ మొదటికి వచ్చిందట. పరీక్షలో "నా స్నేహితురాలు" అని రాయమంటే అన్ను కాగితం ఖాళీగా ఇచ్చేసింది. మేడం పక్కన కూర్చుని అడిగితే "ఆప్ బోలో మేడం, మై లిఖ్ దూంగీ" అందట. మీరు చెప్పండి, నేను రాసిస్తాను అని.

సరళ కుర్చీలో కూలబడింది. "అంత బాగా రాస్తుండేది కదా నాన్నా. ఏమైంది దీనికి? ఎవరైనా ఏమైనా అన్నారా? ఆ క్లాసులో పిల్లలు గానీ..."

"నాకేం తెలుసు? పిల్లలన్నాక ఒక రోజు రాస్తారు, ఒక రోజు మానేస్తారు. నువ్వు ఊరికే కంగారుపడకు."

"రేపు శరణ్యగారితో ఒకసారి మాట్లాడు నాన్నా, ప్లీజ్. నాకు డ్యూటీ ఉంది."

నన్ను అనుమానించలేదు. ఆ మాట కూడా దాని బుర్రలోకి రాలేదు. నా కూతురు నా ముందు అలా కూర్చుని ఉంటే నేను టీవీ శబ్దం పెంచాను.

సెప్టెంబరు 14, శనివారం

శరణ్యకి చెప్పాను. హాలు బయట, చెప్పుల దగ్గర. చెప్పాలనుకుని చెప్పలేదు. ఏమైందని ఆమె అడిగితే నోరు జారింది. అది రాసింది నేను చెరిపించాను అన్నాను.

"ఏం రాసింది అంకుల్?"

"నా పరువు తీసే రాత."

"అబద్ధమా?"

నేను నా చెప్పులు వెతకడం మొదలుపెట్టాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. నేనూ తిరిగి నాలుగు అనేవాణ్ణి.

"తప్పు దిద్దితే పిల్లలు మళ్ళీ రాస్తారు అంకుల్. నిజం చెరిపిస్తే వాళ్ళు మన మొహాలు చూడటం మొదలుపెడతారు. నాతో చెప్పి ఏం లాభం? ఆ అమ్మాయితో చెప్పండి."

ఎనిమిదేళ్ళ పిల్లతో, నేను, తప్పయిపోయిందని చెప్పాలి! మా నాన్న నాతో ఎప్పుడూ అనలేదు. సరళతో నేను ఎప్పుడూ అనలేదు. వాళ్ళ అమ్మతో కూడా అనలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

గుడిలో సాక్ష్యం చెప్పాను.

అన్నుతో చెప్పడానికి నోరు రాలేదు. దేవుడి ముందు, సంఘం ముందు చెప్తే అన్ను కూడా వింటుంది కదా అనుకున్నాను. సాక్ష్యం చెప్పడం నాకు కొత్త కాదు. కాకినాడలో నా సాక్ష్యం అంటే పక్క పేట నుంచి కూడా వచ్చేవారు. మైకు చేతికిచ్చారు.

"ప్రియులారా, మీ ముందు నిలబడిన ఈ అంద్రెయ గర్విష్ఠి" అని మొదలుపెట్టాను. బాగానే మొదలైంది. తర్వాత ఎలా వెళ్ళిందో వెళ్ళింది. రైలు, గుంపు, దారి తప్పడం. పసిబిడ్డని రెక్కల కింద దాచుకున్నట్టు పట్టుకున్నానన్నాను. ఆ గుంపులో కళ్ళు మూసుకుని ప్రార్థించానన్నాను. అప్పుడు దేవుడు పసిబిడ్డ నోటి ద్వారా దారి చూపించాడన్నాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఒకామె ఏడ్చింది. పాస్టరుగారు కౌగలించుకున్నారు. చెరిపించిన సంగతి చివర్లో చెబుదామనుకున్నాను. అప్పటికే అందరూ హల్లెలూయా అంటున్నారు. మైకు ఇచ్చేశాను.

నాకు చాలా తేలిక అనిపించింది. అది కూడా రాస్తున్నాను, ఎవరూ చదవరు గనక.

ఈ-రిక్షాలో ఇంటికి వస్తున్నాం. అన్ను అడిగింది. "తాతయ్యా, ట్రైనులో నువ్వు ప్రార్థన చెయ్యలేదు కదా?"

"మనసులో చేశాను."

"అచ్ఛా." కాసేపు దుకాణాల వైపు చూసింది. "నేను కూడా రాసేటప్పుడు అలాగే చెయ్యనా? అందరికీ నచ్చుతుంది."

సెప్టెంబరు 16, సోమవారం

ఒప్పుకోలు కూడా గొప్ప కోసమే చేశాను. దాన్ని కూడా ఇస్త్రీ చేశాను. పిల్ల వింది. నేర్చుకుంది.

సెప్టెంబరు 17, మంగళవారం

రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబరు 19, గురువారం

సరళ డ్యూటీకి వెళ్ళింది. అన్నుని బల్ల దగ్గర కూర్చోమన్నాను. నేనూ కూర్చున్నాను. నిలబడి చెప్తే మళ్ళీ సాక్ష్యం అయిపోతుందని భయం.

"నువ్వు మొదట రాసింది మళ్ళీ రాసుకో. మెట్రోది."

"అది గలత్ కదా తాతయ్యా. నువ్వే కదా చెరుపు అన్నావు."

పొగరుతో అనలేదు. బళ్ళో లెక్క తప్పయితే చెప్పినట్టు చెప్పింది. తను కళ్ళతో చూసింది తప్పు, నేను చెప్పింది ఒప్పు. అలా పెట్టుకుంది మనసులో. దానికి నా చెయ్యి తడిగా ఉన్న సంగతి కూడా ఇప్పుడు తప్పే.

"నువ్వు రాసింది తప్పు కాదు. నేను చేసింది తప్పు."

అనేశాను. అన్ను పెన్సిలు పక్కన పెట్టి నా మొహం చూసింది. అది చూసే చూపు నాకు అస్సలు నచ్చలేదు. కాస్త దూరంగా ఉంది ఆ చూపు.

"నాకు ఆ బోర్డులు చదవడం రాదు. హిందీదీ రాదు, ఇంగ్లీషుదీ రాదు. నువ్వు రాశావు. నాకు సిగ్గేసింది. అందుకని నీ చేత చెరిపించాను."

"ఇప్పుడు సిగ్గు లేదా?"

"ఉంది."

"ప్రార్థన?"

"చెయ్యలేదు."

"ఆఫీసర్?"

"కాదు. ముందు మూటలు మోశాను. తర్వాత మోసేవాళ్ళ మీద మేస్త్రిని. అంతే."

"సదాశివరావు అంకుల్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్తావా?"

"పాలు తాగు" అన్నాను.

తాగింది. ఏమీ రాయలేదు. నేను చెప్పిందంతా అక్కడ ఆగిపోయింది, ఆ పాల దగ్గర.

సెప్టెంబరు 21, శనివారం

ఈ రోజు క్లాసుకి వెళ్ళకూడదనుకున్నాను. కాలు నొప్పి అని చెబుదామనుకున్నాను. కాలు బాగానే ఉంది. వెళ్ళాను.

సదాశివరావుగారే ఎత్తారు. పెన్షనుదారుల సంఘం ఒకటి పెడుతున్నారట. "మీలాంటి ఆఫీసర్లు ముందుండాలండీ. మీ పేరు వేస్తున్నాను" అన్నారు. అన్ను ముందు వరసలో ఇషిత పక్కన కూర్చుని ఉంది. వెనక్కి తిరిగింది.

"నా పేరు వెయ్యకండి. నాకు పెన్షను లేదండి" అన్నాను.

"అదేంటండీ?"

"నేను ఆఫీసర్ని కాదు. హార్బరులో బస్తాలు మోసినవాణ్ణి. మూడో తరగతి కూడా పూర్తిగా చదవలేదు. ఆ రోజు పాప చదివింది నేను చెప్పి రాయించింది. అది వేరేది రాసుకుంది. నేను చెరిపించాను."

ఇంకా ఏదో అనబోయాను. గర్విష్ఠి, దేవుడు, వినయం, అలాంటివన్నీ నాలుక చివరకి వచ్చాయి. నోరు మూసుకున్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సదాశివరావుగారు "అచ్ఛా... అచ్ఛా" అని ఫోను తీసి చూసుకున్నారు. కాసేపటికి ఫ్యాను గాలి రావట్లేదని కుర్చీ అవతలికి జరుపుకున్నారు. ఇషిత అన్ను చెవిలో ఏదో చెప్పి కిసుక్కున నవ్వింది. అన్ను నవ్వలేదు. ఇటు తిరిగి నన్ను చూడనూ లేదు. శరణ్య బోర్డు మీద ఏదో రాస్తూ ఉండిపోయింది. విందో లేదో తెలీదు.

నాకు తేలిక అనిపించలేదు. గుడిలో అనిపించింది గానీ ఇక్కడ అనిపించలేదు. ఇల్లు చేరేదాకా ఒళ్ళు బరువుగానే ఉంది. దారిలో అన్ను నా చెయ్యి పట్టుకోలేదు. వదిలి కూడా వెళ్ళలేదు. పక్కన నడిచింది.

సెప్టెంబరు 22, ఆదివారం

సరళకి కూడా చెప్పాను. అంతా విని, "నేను దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా నాన్నా, రాయట్లేదని" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు కడిగే చప్పుడు చాలాసేపు వినిపించింది. అన్నానికి పిలిచింది. ఎదురుగా కూర్చోలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

ఇద్దరం బల్లకి చెరో వైపు కూర్చున్నాం. నువ్వు చెప్పు అంటుందేమోనని తల ఎత్తలేదు. అనలేదు. కాసేపటికి పెన్సిలు చప్పుడు వినబడింది. ఆగింది. మళ్ళీ వినబడింది.

కొంచెం తల ఎత్తి చూశాను. ఎడమ చెయ్యి పేజీ చుట్టూ గోడలా పెట్టుకుని రాస్తోంది. ఇదివరకు వాక్యం పూర్తికాకుండానే నా వైపు తోసేది. ఈ ఇంట్లో ఆ గోడ ఎవరి కోసమో నాకు తెలుసు. తల దించుకుని నా కాగితం చూసుకున్నాను.

"తాతయ్యా."

"ఊఁ."

"నీకు కోపం వచ్చినప్పుడు చెవులు లాల్ అవుతాయా, కాలా అవుతాయా?"

నా గురించే రాస్తోంది. నా కోపం గురించి. ఎర్రగా అవుతాయని చెప్పబోయాను. అసలు నాకు కోపమే రాదని కూడా చెప్పబోయాను.

"నా చెవులు నాకు కనపడవు కదమ్మా. నువ్వే చూసి రాసుకో" అన్నాను.

కుర్చీ దిగి వచ్చింది. నా పక్కన నిలబడి ఒక చెవి చూసింది. అటు తిరిగి రెండోది చూసింది. నేను కదలకుండా కూర్చున్నాను. చెవులు కాలుతున్నాయి. వెళ్ళి కూర్చుని, మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంది.